వైను పీపాలో మాగిన బీరు

కిందటి చలికాలంలో ఒక శనివారం రాత్రి భోజనాలయ్యాక, నాతో చాలా ఏళ్ళు ఒకే ఆసుపత్రిలో పనిచేసి పదవీ విరమణ చేసిన పెథాలజిస్టు మిత్రుడొకాయన లోపలి గదిలోంచి ఒక చిన్న సీసా పట్టుకొచ్చాడు. మందమైన ముదురు గాజు, బెండు బిరడా, దాన్ని బిగించి పట్టిన తీగ. చూడడానికి షాంపేన్ సీసాకు తమ్ముడిలా ఉంది. లోపలున్నది మాత్రం బీరు. ఆ 375 మి.లీ. సీసాను ఆయన మా నలుగురికీ సమంగా వంచాడు. తలా తొంభై మి.లీ. పైచిలుకు వచ్చింది: దగ్గుమందు మోతాదుకు ఎక్కువ, కాఫీకి తక్కువ. “బీరుకు ఇంత పొదుపేమిటి?” అని నవ్వాను. “రుచి చూడడానికి ఇంతకంటె అక్కర్లేదు” అన్నాడాయన.

ఆ మాట కొన్నాళ్ళు నన్ను వదలలేదు. నేను పెరిగిన నల్లగొండ జిల్లా పల్లెలో తాగుడు రుచికి సంబంధించిన విషయం కాదు. సారాను, గుడుంబాను ఎవరూ రుచి కోసం తాగలేదు. ఊపిరి బిగబట్టి గొంతులో పోసుకుని, వెంటనే నాలుక మీద ఇంత ఉప్పో ఊరగాయో వేసుకునేవారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాల మీద తిరగబడిన నాటికి నేను వైద్య కళాశాలలో ఉన్నాను. పచ్చబడిన కళ్ళతో, నీరు పట్టి ఉబ్బిన పొట్టలతో మంచాల మీద పడివున్న ముప్ఫై నలభై ఏళ్ళ మగవాళ్ళను మా వార్డులో రోజూ చూసేవాళ్ళం. అందుచేత ‘రుచి చూడడం’ అన్నది తాగుడుకు చదువుకున్నవాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరని చాలాకాలం అనుకున్నాను. ఆ అభిప్రాయాన్ని ఇప్పుడు సగం మార్చుకున్నాను. ఏ సగం, ఎందుకు అన్నదే ఈ వ్యాసం.

ఆ రాత్రి తాగిన బీరు పేరు కాన్సెక్రేషన్. ఉత్తర కాలిఫోర్నియాలోని సోనోమా కౌంటీలో, శాంటా రోసా అనే ఊళ్ళో ఉన్న రష్యన్ రివర్ అనే బీరు తయారీశాల దాన్ని చేస్తుంది. 1997లో కార్బెల్ అనే వైను సంస్థ మొదలుపెట్టిన ఈ తయారీశాల తరువాత విన్నీ, నటలీ సిలుర్జో దంపతుల చేతికి వచ్చింది. చుట్టూ ద్రాక్షతోటలు, వైను తయారీశాలలు. వాళ్ళు వాడి వదిలేసిన పీపాలు వీళ్ళకు ముడిసరుకు. కాన్సెక్రేషన్‌ను కాబెర్నే సోవిన్యోన్ అనే ఎర్రవైను ఊరిన పీపాల్లో, కరంట్లు అనే చిన్న నల్లని పండ్లు వేసి నెలల తరబడి మాగబెడతారు. (కరంటు అనగానే మా తరంవాళ్ళకు గుర్తొచ్చేది ఎప్పుడూ పోయే వస్తువు. ఆ శ్లేషను అమెరికన్ మిత్రులకు వివరించలేక వదిలేశాను.) అందులో మద్యం 10 శాతం, అంటే మామూలు బీరుకు రెండింతలు.

చట్టం, చక్కెర, ఈస్ట్

తయారైంది కాలిఫోర్నియాలోనే అయినా ఈ బీరు పద్ధతి బెల్జియానిది. ఆ చిన్న దేశంలో ఇంత ఘాటైన బీర్లు ఎందుకు పుట్టాయన్న ప్రశ్నకు జవాబులో కొంత భాగం చట్టంలో ఉంది. 1919లో బెల్జియం ప్రభుత్వం పానశాలల్లో బ్రాందీ, జిన్ వంటి బట్టీ సరుకుల అమ్మకాన్ని నిషేధించింది. ఆ చట్టానికి వెనక ఉన్నవాడు న్యాయశాఖ మంత్రి ఎమిల్ వాండర్‌వెల్డె అనే సోషలిస్టు నాయకుడు. కూలి డబ్బు జిన్ దుకాణం పాలు కాకుండా ఇల్లు చేరాలన్నది ఆయన ఉద్దేశం. దూబగుంట స్త్రీలు అడిగినదీ ఇంచుమించు అదే. కాని ఘాటు అలవాటైన నాలుకలు ఉత్తపుణ్యానికి ఊరుకోవు. జిన్ లేని చోట చిక్కటి, మత్తెక్కువున్న బీర్లకు గిరాకీ పెరిగిందని బీరు చరిత్ర రాసినవాళ్ళు తరచు చెబుతారు. ఈనాడు జగత్ప్రసిద్ధమైన డూవెల్ 1920లలో, వెస్ట్‌మాల్ మఠం వారి ట్రిపెల్ 1934లో వచ్చాయి. డూవెల్ అంటే దయ్యం. తాగుడును తగ్గించడానికి చేసిన చట్టం ఒక పానీయ కళకు దోహదం చేయడం చరిత్ర చేసిన తమాషా.

బీరుకు మూలం మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ. మద్యం పెరగాలంటే బార్లీ పెంచాలి, కాని బార్లీ పెంచితే ద్రవం పాకంలా బరువెక్కుతుంది. దీనికి బెల్జియం వాళ్ళు కనిపెట్టిన ఉపాయం చక్కెర. ఈస్ట్ చక్కెరను మిగల్చకుండా తినేస్తుంది కనుక మద్యం పెరిగినా నోటికి బరువు తగలదు. తాగడానికి తేలికగా ఉండడం వెనుక ఉన్న కిటుకు ఇదే. దానిలోని ప్రమాదం కూడా ఇదే. ఆ సంగతికి తరువాత వస్తాను.

అన్నిటికంటె ముఖ్యం ఈస్ట్. తెలుగు మాధ్యమంలో చదువుకున్న మాకు ‘కిణ్వప్రక్రియ’ అంటే రెండు మార్కుల ప్రశ్న: చక్కెరను ఈస్ట్ ఆల్కహాలుగా, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తుంది. జవాబు తప్పు కాదు, కాని రుచికి సంబంధించినదంతా ఆ జవాబు వెలుపల ఉంది. మన దేశంలో దొరికే కింగ్‌ఫిషర్ వంటి లాగర్ బీర్లను చల్లటి ఉష్ణోగ్రతలో, తన ఉనికి పెద్దగా చాటుకోని ఈస్ట్‌తో పులియబెడతారు. బెల్జియం ఈస్ట్‌లు వెచ్చదనంలో, ఇరవై డిగ్రీల సెల్సియస్‌కు పైన పనిచేస్తాయి. ఆ వెచ్చదనంలో అవి ఎస్టర్లనే పరిమళ పదార్థాలను వదులుతాయి. వాటిలో ఒకటి, ఐసోఎమైల్ ఎసిటేట్, బాగా ముగ్గిన అరటిపండు వాసన. అంతేకాక, బార్లీ గింజల కణకవచాలలో ఉండే ఫెరూలికామ్లాన్ని ఈ ఈస్ట్‌లు 4-వినైల్ గ్వయకాల్ అనే పదార్థంగా మారుస్తాయి. దాని వాసన అచ్చంగా లవంగం వాసన. బీరులో ఎవరూ లవంగం వేయలేదు, అరటిపండూ వేయలేదు.

ఇక్కడ రసాయనశాస్త్రం మీద మక్కువ ఉన్నవారి కోసం ఒక పిట్టకథ. మన వంటింటి లవంగానికి వాసననిచ్చే యూజినాల్, పైన చెప్పిన 4-వినైల్ గ్వయకాల్, ఓక్ చెక్కనుంచి వచ్చే వనిలిన్, మూడూ ఒకే చట్రానికి వేరువేరు తోకలు తగిలిస్తే వచ్చిన అణువులు. ఆ చట్రం పేరు గ్వయకాల్. మిరపకాయకు కారాన్నిచ్చే క్యాప్సేసిన్‌లో కూడా వనిలిన్‌ను పోలిన ఈ భాగమే ఉంది. పాయసంలో వనిల్లా, బిరియానీలో లవంగం, పచ్చడిలో మిరప ఇలా దూరపు చుట్టాలని తెలిసిన రోజున నేను మా ఆవిడకు ఫోన్ చేసి మరీ చెప్పాను. ఆవిడ రసాయనశాస్త్రంలో ఎం.ఎస్సీ. చేసింది. ఆ సంగతి తనకు పెళ్ళికి ముందే తెలుసునంది.

పీపాలో జరిగేది

బోర్డో పద్ధతి వైను పీపాలో పట్టేది 225 లీటర్లు. వైను వాళ్ళు దాన్ని కొన్నేళ్ళు వాడతారు. ఈలోగా ఓక్‌చెక్కలోని వనిలిన్ చాలావరకు వైనులోకి దిగిపోతుంది. ప్రతిగా వైను చెక్కలోకి కొన్ని మిల్లీమీటర్ల లోతుకు ఇంకుతుంది. బీరు తయారీశాలకు చేరేది ఇలా ఇచ్చిపుచ్చుకోవడాలు ముగించిన పీపా. అందులో పోసిన బీరుకు మూడు దొరుకుతాయి: చెక్కలో ఇంకిన వైను, మిగిలివున్న కాస్త వనిలిన్‌తో పాటు టానిన్లు, చెక్క రంధ్రాల గుండా అతి నెమ్మదిగా వచ్చే ప్రాణవాయువు.

నాలుగోది కూడా ఉంది, దాన్ని తయారీదారు తెచ్చి వేస్తాడు. అది బ్రెటనోమైసిస్ అనే ఈస్ట్. ముద్దుగా బ్రెట్ అంటారు. 1904లో డెన్మార్కులోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో నీల్స్ క్లాసెన్ అనే శాస్త్రజ్ఞుడు, మాగబెట్టిన ఇంగ్లీషు బీర్లకు ప్రత్యేకమైన రుచి దీనివల్లే వస్తోందని గుర్తించాడు. అందుకే ‘బ్రిటిష్ శిలీంధ్రం’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. తరువాతి కాలంలో ఇంగ్లండు దాన్ని దాదాపు మరిచిపోయింది, బెల్జియం మరిచిపోలేదు. ఈనాడు ఆ పేరు వినగానే గుర్తొచ్చేది బెల్జియమే. వైను తయారీదారులకు మాత్రం బ్రెట్ పేరు చెబితే నిద్రపట్టదు. ఒక్కసారి పీపాలో చేరిందంటే కడిగి వదిలించుకోవడం చాలా కష్టం. కొన్ని బ్రెట్ రకాలు చెక్కలో ఉండే సెల్లోబయోస్ అనే చక్కెరను సైతం తిని బతకగలవు. ఒకే లోయలో ఒకరు గడప తొక్కనివ్వని జీవిని పక్కింటివారు పిలిచి పీట వేస్తున్నారు. వైద్యుడిగా నాకిది వింతగా తోచలేదు. పెద్దపేగులో మనకు మేలుచేసే బాక్టీరియాయే మూత్రపిండంలో చేరితే ప్రాణం మీదికి తెస్తుంది. సూక్ష్మజీవి మంచిచెడ్డలు అది ఉన్న చోటును బట్టే.

బ్రెట్‌తో పాటు లాక్టోబాసిల్లస్, పీడియోకాకస్ అనే రెండు బాక్టీరియాలను కూడా వేస్తారు. మొదటిది పెరుగును తోడుపెట్టే బాక్టీరియాల బంధువు. ఇవి లాక్టికామ్లాన్ని తయారుచేస్తాయి. హాప్స్ పూల చేదు లాక్టోబాసిల్లస్‌ను పెరగనివ్వదు కనుక ఇలాంటి బీర్లలో హాప్స్ తక్కువ వేస్తారు. పీడియోకాకస్ పనిచేస్తున్న దశలో బీరు జిగురెక్కి తీగలు సాగవచ్చు, వెన్నలాంటి ఒక వాసన కూడా రావచ్చు. ఆ దశలో తెరిచి చూస్తే పారబోయాలనిపిస్తుంది. ఓపికపట్టి వదిలేస్తే బ్రెట్ నెమ్మదిగా ఆ జిగురును, ఆ వాసనను రెండింటినీ తినేస్తుంది. పీపాలో మాగడానికి నెలలు పట్టడానికి ముఖ్యకారణం ఇది: ఒకదాని ఎంగిలి మరొకదానికి ఆహారం కావాలి, ఆ వరస తొందరపెడితే జరగదు. గాలి ఎక్కువ తగిలితే మాత్రం వెనిగర్ బాక్టీరియా లేచి మొత్తం పాడుచేస్తుంది. ఏ పీపా ఎప్పుడు ఎలా తిరుగుతుందో ముందుగా చెప్పలేరు. అందుకే రకరకాల పీపాలను రుచి చూసి, కలిపి, సీసాలకు పడతారు.

ఇదంతా చదువుతుంటే నాకు మా ఊరి తాటిచెట్టుకు కట్టిన లొట్టి కళ్ళముందు కదిలింది. లొట్టికి లోపల సున్నం పూస్తే పులవని నీరా వస్తుంది, పూయకపోతే కల్లు. ఏ ఈస్ట్‌నూ ఎవరూ తెచ్చి వేయరు. నిన్నటి లొట్టిలో మిగిలినవే నేటి గీతకు తోడు. అందులోనూ ఈస్ట్, లాక్టికామ్ల బాక్టీరియా, వెనిగర్ బాక్టీరియా వరసగా పని చేస్తాయి. పొద్దుటి కల్లు తియ్యగా, మాపటి కల్లు పుల్లగా ఉండేది అందుకే. పీపాలో నెలలపాటు జరిగే నాటకం లొట్టిలో ఒక పగటిపూట ముగిసిపోతుంది. గౌడన్న లొట్టిని ముక్కు దగ్గర పెట్టుకుని ఏ చెట్టు కల్లో చెప్పడం చిన్నప్పుడు చూశాను. ఆయనను రుచి తెలిసినవాడని అప్పుడు ఎవరూ అనలేదు. (క్లోరల్ హైడ్రేటు, నిద్రమాత్రలు కలిపిన కల్తీ కల్లు వేరే కథ. దానికి రుచితో పనిలేదు, ఆసుపత్రితోనే పని.)

ఆరు రుచులు, తెలుగు ముక్కు

గ్లాసులోకి వస్తాను. మిత్రుడు సీసాను ఫ్రిజ్‌లోంచి ముందే తీసి బయట ఉంచాడు. మరీ చల్లగా ఉంటే వాసననిచ్చే పదార్థాలు ఆవిరై పైకి లేవవు. పన్నెండు పదమూడు డిగ్రీల దగ్గర ఇలాంటి బీరు బాగా విప్పుకుంటుంది. రంగు బాగా పండిన నేరేడుపండు రసంలా ఉంది. నురుగు ఎక్కువసేపు నిలవలేదు.

‘రుచి’ అని మనం అనేదానిలో ఎక్కువ వంతు ముక్కు చేసే పని. కోవిడ్ తొలిరోజుల్లో నా దగ్గరికి వచ్చిన రోగులు “రుచి పోయింది డాక్టర్” అనేవారు. నాలుక మీద ఉప్పు వేస్తే ఉప్పని, పంచదార వేస్తే తీపి అని చాలామంది చెప్పగలిగేవారు. పోయింది వాసన. నమలినప్పుడు, మింగినప్పుడు నోటి వెనకనుంచి ముక్కులోకి ఎగబాకే వాసనను మెదడు నోటి ఖాతాలో వేస్తుంది. ముక్కు మూసుకుని ఒక లవంగం నమిలి, తరువాత ముక్కు వదిలి చూడండి, తేడా తెలుస్తుంది. మనిషి ముక్కులో వాసన గ్రాహకాలు సుమారు నాలుగు వందల రకాలున్నాయి. వాటి జన్యువులను 1991లో వెల్లడించిన రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్‌లకు 2004లో నోబెల్ బహుమతి వచ్చింది.

మొదట తెలిసింది వాక్కాయ వాసన. నా పక్కనున్న అమెరికన్ మిత్రురాలు ‘పుల్ల చెర్రీ’ అంది. ఇద్దరం ఒకే గ్లాసు గురించి చెబుతున్నాం. ఆమె చిన్నతనంలో చెర్రీచెట్టు ఉంది, నా చిన్నతనంలో వాక్కాయ పొద ఉంది. తరువాత ఎండుద్రాక్ష, తాటిబెల్లం, లేతగా వనిల్లా. గ్లాసును కాస్త తిప్పి మళ్ళీ ముక్కు పెడితే అడుగునుంచి మరొకటి లేచింది. ఈ బ్రెట్ వాసనను ఇంగ్లీషువాళ్ళు ‘గుర్రం మీద కప్పిన దుప్పటి’ అంటారు. నాకు తెలిసింది పొద్దున్నే గొడ్ల కొట్టంలోకి అడుగుపెట్టినప్పటి వాసన: తడిసిన గడ్డి, పశువు ఒళ్ళు, పాత తోలు. ఇది కవిత్వం కాదు. బ్రెట్ తయారుచేసే 4-ఇథైల్ ఫినాల్ పశువుల కొట్టాల గాలిలో కూడా ఉంటుంది. ఎక్కువైతే బీరు పాడైనట్టే; ఇంతలో ఉంటే పండ్ల వాసనకు నేల దొరికినట్టు ఉంటుంది. పట్నంలో పెరిగిన నాలుగో మిత్రుడు ముఖం చిట్లించాడు, నాకు హాయిగా అనిపించింది.

పాశ్చాత్యులు వాసనలకు పేర్లు కుదర్చడం మీద చాలా శ్రమపడ్డారు. బీరుకు మోర్టెన్ మైల్‌గార్డ్ 1970లలో, వైనుకు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో ఆన్ నోబుల్ 1980లలో వాసనల చక్రాలు తయారుచేశారు. మన దగ్గర చక్రం లేదు కాని సరుకు లేకపోలేదు. ముక్కిన బియ్యం వాసన, కమురు వాసన, నీచు వాసన, పచ్చివాసన, మాడు వాసన: ఇవన్నీ మా అమ్మ వంటింట్లో ఒక్క పీల్పుతో తేల్చి చెప్పేది. ‘పచ్చివాసన పోయేదాకా వేయించండి’ అన్న వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పబోయి నేను రెండుసార్లు ఓడిపోయాను.

నాలుక దగ్గరికి వస్తే మన షడ్రుచులు ఇంకా బాగా అక్కరకొచ్చాయి. శరీరధర్మశాస్త్రం లెక్కలో నాలుక మీది రుచులు ఐదు: తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి. మన జాబితాలో ఉమామి లేదు కాని కారం, వగరు ఉన్నాయి. పుస్తకం ప్రకారం ఈ రెండూ రుచులు కావు, స్పర్శలు. కాని ఈ బీరు తాగేవాడికి ఉమామితో పనిలేదు, కారం వగరుల్లేకుండా గడవదు.

తీపి దాదాపు లేదు. వాసన తియ్యదనాన్ని ఆశపెడుతుంది గాని నాలుకకు దొరకదు, దాన్నంతా బ్రెట్ తినేసింది. పులుపు పుష్కలం. ఆ పులుపులో పెద్దవాటా పెరుగు పులుపు, అంటే లాక్టికామ్లం. కొసన చింతపండు పులుపు ఛాయ ఒకటి తగిలింది. నా ఊహ కాకపోవచ్చు. చింతపండుకూ ద్రాక్షకూ ప్రధానమైన ఆమ్లం ఒకటే, టార్టారికామ్లం. పీపా చెక్కలో ఇంకిన వైను దాన్ని వెంట తెచ్చివుంటుంది. చేదు నామమాత్రం. ఉప్పు లేదు.

ఇక కారం. మింగిన తరువాత గొంతులో, ఛాతీ పైభాగంలో వెచ్చగా పాకింది. మిరపకాయ క్యాప్సేసిన్ ఏ గ్రాహకాన్ని తట్టి లేపుతుందో, ఇథనాల్ కూడా ఆ గ్రాహకాన్నే లొంగదీస్తుంది. మామూలుగా అది 42 డిగ్రీల దగ్గర ‘కాలుతోంది’ అని కేకవేస్తుంది. ఇథనాల్ సమక్షంలో ఆ హద్దు 34 డిగ్రీల దగ్గరికి దిగిపోతుంది. మన ఒంటి వేడి 37. అంటే మద్యం మంట అన్నది మన ఒంటి వేడి మనకే కాలినట్టు తోచడం. మన పెద్దలు దీన్ని కారం పద్దులో వేసివుంటే తప్పేమీ లేదు.

చివర మిగిలింది వగరు. ఓక్ టానిన్లు, ద్రాక్ష టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుని ముద్దచేస్తాయి. నోటిలోని నునుపు పోయి చెంపలు లోపలికి లాగినట్టవుతుంది. ఈ మాటను ఇంగ్లీషులో రోగులకో మిత్రులకో చెప్పాలంటే ఒక వాక్యం ఖర్చుపెట్టాలి. ఉగాది పచ్చడి తిన్న తెలుగు పిల్లవాడికి మూడక్షరాలు చాలు. ఆ రాత్రి ‘వగరు’ అన్న మాటను ముగ్గురు అమెరికన్లకు నేర్పాను.

గ్రాముల లెక్క

నాలుగు గుటకలయ్యాయి. ఐదో గుటకకు గొడ్ల కొట్టం వాసన సగం పడిపోయింది. ఆరో గుటకకు అది ఉందో లేదో వెతుక్కోవాల్సి వచ్చింది. గ్లాసులో ఏమీ మారలేదు, మారింది నా ముక్కు. ఒకే వాసన ఎడతెగకుండా తగిలితే కొద్ది నిమిషాల్లోనే ముక్కులోని గ్రాహకాలు, మెదడు రెండూ దాన్ని లెక్కచేయడం మానేస్తాయి. అగరుబత్తి వెలిగించిన గదిలో కూర్చున్నవారికి అది తెలియకపోవడం లాంటిదే. మద్యం సంగతి దీనికి తలకిందులు. అది ముఖ్యంగా చిన్నపేగులో రక్తంలోకి ఎక్కుతుంది. భోజనాన్ని బట్టి అరగంట నుంచి గంటన్నరకు గాని రక్తంలో పతాకస్థాయికి చేరదు. అంటే రుచి అయిపోయిన చాలాసేపటికి గాని మత్తు పూర్తిగా అందదు. మిత్రుడు ‘రుచి చూడడానికి ఇంతకంటె అక్కర్లేదు’ అన్నప్పుడు ఆయన పొదుపు గురించి మాట్లాడడం లేదని నాకు అప్పుడు తెలిసింది. తొంభై మి.లీ. దాటాక నేను తాగబోయేది రుచిని కాదు.

ఇదీ నేను మార్చుకున్న సగం. రుచి చూడడం నిజంగానే వేరే పని. దానికి మొదలూ చివరా ఉన్నాయి, అది కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. ఆ తరువాతిది పాత పనే, సీసా ఎంత ఖరీదైనదైనా.

మార్చుకోని సగం కాలేయానికి సంబంధించినది. కాలేయానికి నాలుక లేదు. అది చూసేది గ్రాములను. లెక్క సులభం: మి.లీ.లను శాతంతో గుణించి వందతో భాగించి, మళ్ళీ 0.79తో గుణిస్తే మద్యం గ్రాముల్లో వస్తుంది. ఆ 375 మి.లీ. చిన్న సీసాలో ఉన్నది దాదాపు 30 గ్రాములు. అమెరికా లెక్కలో ఒక ‘డ్రింక్’ అంటే 14 గ్రాములు, బ్రిటన్‌లో ఒక యూనిట్ 8 గ్రాములు. చేతిలో ఇమిడిపోయే ఆ సీసా ఒక బీరు కాదు, రెండు డ్రింకులు. మనిషిని బట్టి తేడాలున్నా, కాలేయం గంటకు ఏడు నుంచి పది గ్రాములకు మించి దహించలేదు. ఒక్కరే తాగితే మూడు నాలుగు గంటల పని.

ఈ లెక్క నాకు ముఖ్యమైంది ఒక రోగి వల్ల. గుర్తుపట్టే వీలులేకుండా వివరాలు మార్చి చెబుతున్నాను. నలభైల్లో ఉన్న మనవాడు, మంచి ఉద్యోగం, కొద్దిగా మధుమేహం. కాలేయ పరీక్షల్లో అంకెలు బాగాలేవు. తాగుతారా అని అడిగితే, “విస్కీ, వైను ముట్టను డాక్టరుగారూ. రాత్రికి రెండు బీర్లు, అంతే. అదీ మంచి బీరు” అన్నారు. ఆ ‘మంచి బీరు’ 650 మి.లీ. సీసా, 9 శాతం. ఒక్కో సీసాలో 46 గ్రాములు, రెండింట్లో 92. ఆయన రోజుకు రెండు అనుకుంటున్నవి నా లెక్కలో ఆరున్నర. అబద్ధం చెప్పలేదాయన, సీసాలను లెక్కపెట్టారు. మన దక్షిణాసియా వాళ్ళలో మధుమేహం, కాలేయానికి కొవ్వు పట్టడం ముందే ఎక్కువ. దానికి మద్యం తోడైతే జరిగే నష్టం రెండింటి మొత్తం కంటె ఎక్కువగా ఉంటుంది.

ద్రాక్ష, ఓక్, బ్రతికివున్న సూక్ష్మజీవులు ఉన్నాయి కనుక ఇలాంటి బీరు ఆరోగ్యానికి మంచిదనే మాట కూడా విందుల్లో వింటుంటాను. ఎర్రవైనులోని రెస్వెరట్రాల్ మీద ఆశలు పెట్టుకున్న రోజులు నాకు గుర్తున్నాయి. మనిషికి ఏదైనా మేలుచేసే మోతాదు కావాలంటే ఎవరూ తాగలేనంత వైను తాగాలి. మద్య పానీయాలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మొదటి తరగతి క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. ఆరోగ్యానికి హాని చేయని మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. బాక్టీరియాతో మాగిన బీర్లలో టైరమిన్, హిస్టమిన్ వంటి పదార్థాలు కూడా చేరవచ్చు. పార్శ్వపు నొప్పి ఉన్నవారికి అవి పడకపోవచ్చు. కుంగుబాటుకు ఎం.ఎ.ఓ. నిరోధకాలనే పాత మందులు వాడేవారికి టైరమిన్ వల్ల రక్తపోటు ప్రమాదకరంగా పెరగవచ్చు. గర్భిణులు, కాలేయవ్యాధి ఉన్నవారు, ఒకప్పుడు తాగుడుకు బానిసై బయటపడినవారు: వీరికి తొంభై మి.లీ. కూడా వద్దు. ఈ చివరివారికి రుచికీ మత్తుకీ మధ్య నేను గీసిన గీత పనిచేయదు.

ఆ రోగికి మందుల చీటీ వెనక గ్రాముల లెక్క వేసి చూపించాను. ఆయన ఇంజనీరు, గుణకారం తనే సరిచూసుకున్నారు. కాసేపు మాట్లాడలేదు. కాలేయం కోలుకునేదాకా రుచి చూడడం కూడా వద్దన్నాను. ఒక్కసారిగా మానితే చేతులు వణకడం, చెమటలు పట్టడం వంటివి రావచ్చని, వస్తే అర్ధరాత్రయినా ఫోన్ చేయమని చెప్పాను. లేవబోతూ, “మరి మీరు తాగరా డాక్టరుగారూ?” అని అడిగారు. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. పోయిన చలికాలంలో ఒక రాత్రి తొంభై మిల్లీలీటర్లు తాగానని, చాలా బాగుందని చెప్పాను. “అంతేనా?” అన్నారు. చీటీ మీద మిగిలిన చోట ఆ లెక్క కూడా వేశాను: ఏడు గ్రాములు. ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.